అమ్మ కనబడుటలేదు

సస్పెన్స్ నవలలు చదివే పాఠకులందరి తరఫునా ఒక విషయం తేల్చి చెప్పదలచుకున్నాను. ఇంట్లో ఉన్న అమ్మ మాకు పనికిరాదు. అపార్థం చేసుకోకండి, ఇందులో ప్రేమాభిమానాల ప్రసక్తి లేదు. ఇది పూర్తిగా పేజీల లెక్క. ఇంట్లో ఉన్న అమ్మ గురించి ఎంత గింజుకున్నా ఒక పేరా దాటదు. అదే అమ్మ ఒక మంగళవారం పొద్దున్నే తలుపు దగ్గరగా వేసి, ఫోను బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయిందనుకోండి, 350 పేజీలకు ఢోకా ఉండదు.

ఈ సూత్రం మీద నడిచే నవలలు గత రెండేళ్ళలో ఎన్ని చదివానో గుర్తులేదు. అట్టలు మాత్రం గుర్తున్నాయి. పొగమంచు, ఒంటరి ఇల్లు, పై అంతస్తులో ఒక్క కిటికీలో దీపం. లేదంటే ఎర్ర కోటు వేసుకుని అటు తిరిగి నడిచిపోతున్న ఆడమనిషి. ఎవరి కంటా పడకూడదని బయల్దేరిన మనిషి ఏరికోరి ఎర్ర కోటే ఎందుకు వేసుకుందని అడగకూడదు. అలా అడిగేవాళ్ళకు వ్యాకరణ పుస్తకాలున్నాయి, అవి చదువుకోవచ్చు.

కథ కూతురి రాకతో మొదలవుతుంది. కొడుకులకు ఈ పని అప్పజెప్పరు. కొడుకైతే మొదటి పేజీలోనే "అమ్మా, నా చార్జర్ ఎక్కడ?" అని అరిచి, జవాబు రాకపోయేసరికి అక్కడే కూలబడతాడు. కూతురు ఎక్కడో నగరంలో ఉద్యోగం చేస్తుంటుంది. అమ్మతో పదేళ్ళుగా మాటల్లేవు. వారం కిందట అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. (ఎత్తి ఉంటే నవలే లేదు. ఈ పుస్తకాలన్నిటిలోనూ మొదటి ముద్దాయి మిస్డ్ కాలే.) ఇంటికొచ్చి చూస్తే నాన్న కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుంటాడు. నోరు విప్పడు. 40వ పేజీ దాకా అది దుఃఖం అనుకుంటాం. అక్కణ్ణించి 200 దాకా చేసిన పాపం అనుకుంటాం. ఆఖరికి తేలేదేమిటంటే, ఆయన దగ్గర నిజంగానే చెప్పడానికేమీ లేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన ఏమీ గమనించలేదు.

తర్వాత పిన్ని వస్తుంది. పిన్ని లేకుండా ఈ రకం నవల అచ్చుకు వెళ్ళదు. పాతికేళ్ళుగా నోరు కుట్టుకుని కూర్చున్న ఆ మహాతల్లి, సరిగ్గా కూతురు పక్కనుంచి వెళుతున్నప్పుడే "కొన్ని విషయాలు తవ్వకపోవడమే మంచిదమ్మా" అని, విసురుగా తన గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తవ్వాలన్న ఆలోచనే లేదు. గుట్టు దాచడమంటే ఇదే అయితే, చాటింపు వేయడమంటే ఏమిటో నాకు తెలీదు.

నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం పోలీసుల ప్రశ్నలు. రచయితలు తొందరపడి రెండు పేజీల్లో దాటేస్తారు గానీ, అసలు భయం పుట్టేది ఇక్కడే. ఇన్‌స్పెక్టరు కాగితం తీసి మామూలుగా అడుగుతాడు. ఎత్తెంత? నాన్న తన భుజం దగ్గర చెయ్యి పెట్టి "ఇంత" అంటాడు. 'ఇంత' అని రాయడానికి కాగితంలో గడి లేదు కాబట్టి ఇన్‌స్పెక్టరు పెన్ను గాల్లో ఆపుతాడు. పుట్టుమచ్చలు? తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆఖరిసారి చూసినప్పుడు ఏ బట్టల్లో ఉంది? "ఇంట్లో వేసుకునేవే." ఏ రంగు? "మామూలు రంగే." దగ్గరి స్నేహితులు? ఆవిడకు స్నేహితులుండే అవకాశం ఉందన్న సంగతి ఆ ఇంట్లో చర్చకు రావడం అదే మొదలు. పోనీ, ఈ మధ్య తీసిన ఫొటో? ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ గాలిస్తే నాలుగు వేల ఫొటోలు తేలతాయి. ఆవిడ ఉన్నది ఒక్కటి, అందులోనూ సగం చెయ్యి. మిగతావన్నీ తీసింది ఆవిడే మరి.

పైగా ఇందులో ఒక సాంకేతిక ఇబ్బంది కూడా ఉంది. ఆ ఇంట్లో ఏది కనబడకపోయినా వెతికిపెట్టే మనిషి ఆవిడ. ఇప్పుడు కనబడనిదే ఆవిడ. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె కావాలి, అగ్గిపెట్టె వెతకడానికి దీపం కావాలి. 350 పేజీలు ఊరికే అవుతాయా?

ఇక అటకమీది పెట్టె. అందులో మూడే వస్తువులుంటాయి. ఒక మొహం కత్తిరించేసిన గ్రూప్ ఫొటో, దేనికీ పట్టని తాళంచెవి, డైరీ. ఈ డైరీ విషయంలో నా ఆక్షేపణను నమోదు చేయించదలచుకున్నాను. "ఈ రోజు కూడా 'అతను' వచ్చాడు. నాకు భయంగా ఉంది." ఎవరమ్మా ఆ అతను? తన సొంత డైరీలో, తన ఒక్కదానికోసం రాసుకునేటప్పుడు కూడా పేరు దాచిపెట్టేంత ముందుచూపు ఉన్న మనిషి, ఆ డైరీని తాళం లేని పెట్టెలో ఎలా వదిలేసింది? ఏ రోజు ఘోరం జరిగిందో సరిగ్గా ఆ రోజు పేజీలే చిరిగి ఉంటాయి. మిగతా డైరీ చింపకుండా ఉంచడం కూతురి మీద దయకొద్దీ అయివుంటుంది. నాబోటివాళ్ళు పుస్తకం కొనాలి కదా.

ఇదంతా ఈ మధ్య పుట్టిన పిచ్చి అనుకునేవాళ్ళున్నారు. 2012లో గిలియన్ ఫ్లిన్ రాసిన 'గాన్ గర్ల్'లో భార్య మాయమయ్యాక, అట్టల మీద మాయమయ్యే ఆడవాళ్ళు పెరిగిన మాట నిజమే. మరుసటి ఏడు జూలియా క్రౌచ్ అనే రచయిత్రి ఈ ఇంటిగుట్టు థ్రిల్లర్లకు 'డొమెస్టిక్ న్వార్' అని పేరు పెట్టడమూ నిజమే. కానీ పేరే కొత్తది, సరుకు 1860ల నాటిది.

1861లో ఎలెన్ వుడ్ నవల 'ఈస్ట్ లిన్' అచ్చయింది. అందులో ఇసబెల్ అనే ఇల్లాలు మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి ఇంకొకడితో వెళ్ళిపోతుంది. వాడు మోసం చేస్తాడు. రైలు ప్రమాదంలో ఆవిడ మొహం దెబ్బతింటుంది, చనిపోయిందని అందరూ అనుకుంటారు. అప్పుడావిడ నీలిరంగు కళ్ళజోడు పెట్టుకుని, వేరే పేరుతో, సొంత ఇంట్లో సొంత పిల్లలకే పంతులమ్మగా చేరుతుంది. ఈలోగా మొగుడికి రెండో పెళ్ళి అయింది. ఒకే కప్పు కింద ఉంటూ ఆవిడెవరో మొగుడు పోల్చుకోడు. కొడుకు ఆవిడ కళ్ళముందే చనిపోతూ, ఆ పంతులమ్మే తన తల్లి అని తెలీకుండానే పోతాడు. ఇది అసాధ్యం, అతిశయోక్తి అని విమర్శకులు ముక్కు చిట్లించుకోవచ్చు. పై ఇన్‌స్పెక్టరు కాగితం చూశాక నాకేమీ అసాధ్యంగా అనిపించడం లేదు. నిజానికి కళ్ళజోడు కూడా అనవసర ఖర్చు.

ఆ మరుసటి ఏడు మేరీ ఎలిజబెత్ బ్రాడన్ 'లేడీ ఆడ్లీస్ సీక్రెట్' వచ్చింది. ఇందులో తల్లి పసివాణ్ణి తన తండ్రి దగ్గర వదిలేసి, పేరు మార్చుకుని, డబ్బున్న ముసలాయన్ని పెళ్ళాడుతుంది. తాను చనిపోయినట్టు పేపర్లో వేయిస్తుంది. మొదటి మొగుడు వెతుక్కుంటూ వస్తే బావిలోకి తోసేస్తుంది. దుర్మార్గమే, కాదనను. ఆఖరికి ఆవిణ్ణి పిచ్చాసుపత్రిలో పెట్టించి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ మొదటి మొగుడి సంగతి కాస్త చూడండి. చేతిలో పైసా లేక, ఒకనాటి రాత్రి పెళ్ళాం బిడ్డా నిద్రపోతుండగా చీటీ రాసిపెట్టి, బంగారం తవ్వుకోవడానికి ఆస్ట్రేలియా ఓడెక్కాడు. మూడున్నరేళ్ళు ఒక్క ఉత్తరం లేదు. ఆయన వెళ్తే సాహసం. ఆవిడ వెళ్తే సీక్రెట్. పుస్తకం పేరే సాక్షి.

తప్పిపోయిన తండ్రుల మీద ఇలాంటి సస్పెన్స్ ఎందుకు రాదో నాకు ఇక్కడే అర్థమైంది. తండ్రి మూడు రోజులు కనబడకపోతే పనిమీద వెళ్ళాడంటారు. మూడేళ్ళు కనబడకపోతే, ఏదో పెద్ద పనే అయివుంటుందంటారు.

కథలు సరే, నిజంగా జరిగింది చెప్పమంటారా? 1926 డిసెంబరు 3 రాత్రి, ఏడేళ్ళ కూతురు నిద్రపోతుంటే చూసి వచ్చి, ఒకావిడ కారు తీసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయింది. పొద్దున ఇంగ్లండులోని సర్రేలో న్యూలాండ్స్ కార్నర్ దగ్గర కారు దొరికింది, మనిషి లేదు. ఆవిడ పేరు అగాథా క్రిస్టీ, డిటెక్టివ్ నవలల రచయిత్రి. పోలీసులు, వందల మంది వాలంటీర్లు, ఆకాశంలో విమానాలు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డోయల్ అయితే ఆవిడ చేతి గ్లవ్ తీసుకెళ్ళి, ఆత్మలతో మాట్లాడే మనిషికి ఇచ్చాడు. భూతద్దం పట్టి బూడిద పరీక్షించే డిటెక్టివ్‌ను పుట్టించిన పెద్దమనిషి చివరికి చేసిన దర్యాప్తు ఇది. 11 రోజుల తర్వాత ఆవిడ హారోగేట్‌లో ఒక హోటల్లో దొరికింది. హోటల్ రిజిస్టరులో రాసిన ఇంటిపేరు తనది కాదు, మొగుడి ప్రియురాలిది. ఆవిణ్ణి గుర్తుపట్టింది ఎవరయ్యా అంటే, ఆ హోటల్ బ్యాండులో వాయించే ఒకాయన. విమానానికి, ఆత్మకు చిక్కని మనిషి, ఎదురుగా ఉన్న మొహం చూసినవాడికి చిక్కింది.

మొగుడు జ్ఞాపకశక్తి పోయిందన్నాడు. అప్పుడు ఆవిడేమీ అనలేదు. తర్వాత దాదాపు యాభయ్యేళ్ళు బతికింది, తీరిగ్గా ఆత్మకథ కూడా రాసింది. 1977లో అచ్చయిన ఆ పుస్తకంలో ఈ 11 రోజుల ఊసే లేదు. ఒక సస్పెన్స్ రచయిత్రి తన జీవితంలోని అతిపెద్ద సస్పెన్స్‌ను ముడి విప్పకుండా పట్టుకుపోవడం పాఠకులపట్ల ఘోరమైన అన్యాయమని నేను ఇప్పటికీ భావిస్తున్నాను. మాయమైన ఆ 1926లోనే అచ్చయిన ఆవిడ నవలలో కథ చెప్పేవాడే అసలు సంగతి దాచిపెడతాడు. ఏ నవలో చెప్పను, చదవనివాళ్ళు నన్ను చంపేస్తారు.

చివరి మలుపుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నాలుగైదు రహస్యాలనే అందరూ వంతులవారీగా వాడుకుంటున్నారు. అమ్మ అసలు పేరు వేరు. కూతురు ఆవిడ కూతురు కాదు. పాతికేళ్ళ కిందట చెరువులో ఒక ప్రమాదం జరిగింది, అది ప్రమాదం కాదు. అమ్మకో చెల్లెలుంది, కానీ మనం పిన్ని అనుకుంటున్నావిడ ఆ చెల్లెలు కాదు. మనకు ఇదేం కొత్త గనక? కొడుకును పెట్టెలో పెట్టి నీళ్ళలో వదిలి, యుద్ధమంతా అయి, కర్ణుడు నేలకూలాక, తర్పణాల వేళకు గానీ కుంతి ఆ మాట ధర్మరాజుతో చెప్పలేదు. అసలు రహస్యాన్ని ఆఖరి పేజీకి ఆపడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. ఇంకో సంగతి కూడా చూడాలి. అన్ని పర్వాలు గడిచినా, అంతమంది కొడుకుల్లో ఒక్కడూ ఆవిణ్ణి కూర్చోబెట్టి, పెళ్ళికి ముందు నీ కథేమిటమ్మా అని అడిగిన పాపాన పోలేదు.

నేను అడిగాను.

అంటే, వెంటనే అడగలేదు. ముందు శాస్త్రీయంగా దర్యాప్తు చేశాను. అమ్మ పక్క గదిలో లేని సమయం చూసి బీరువా అడుగు అర తీశాను. విడి బొత్తాలు, పాత రసీదులు, ఎవరివో కళ్ళజోడు అద్దాలు. ఒక డబ్బాలో, తాడుకు గుచ్చిన తాళంచెవులు బోలెడు. నాకు వెన్నులో చలి పుట్టింది. అంతలో వెనకనుంచి "ఏం కావాల్రా?" అని వినబడింది.

"ఇవన్నీ ఏ తాళాలవమ్మా?"

"ఏమో. తాళాలు ఎప్పుడో పోయాయి. ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తాయి."

ధైర్యం చేశాను. "అమ్మా, పెళ్ళికి ముందు నువ్వెలా ఉండేదానివి?"

అమ్మ నన్ను కాసేపు చూసింది. తర్వాత నా చంకలో ఉన్న పుస్తకాన్ని చూసింది. "ఏం చదువుతున్నావు?" అని అడిగి, నేను చెప్పేలోపే అది లాక్కుని, అట్టమీది ఎర్ర కోటు మనిషిని దీపం కిందికి వంచి చూసుకుని, తన గదిలోకి వెళ్ళిపోయింది. నాకింకా 40 పేజీలున్నాయి. రాత్రి రెండు దాకా ఆ తలుపు కింద వెలుతురు కనబడుతూనే ఉంది. రెండుసార్లు వెళ్ళి నిలబడ్డాను గానీ తట్టే ధైర్యం లేకపోయింది.

పొద్దున పుస్తకం బల్లమీద ఉంది. అమ్మ చెప్పులేసుకుంటోంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"వెళ్ళిపోవడం బాగా రాశారు. తిరిగి ఎందుకొచ్చిందో మాత్రం నమ్మేటట్టు లేదు" అని, తలుపు దగ్గరగా వేసి, బయటికి వెళ్ళింది.

ఎక్కడికని అడగాల్సింది. అడగలేదు. లోపలికి వెళ్ళి బీరువా అడుగు అర తీసి చూశాను. డబ్బా అక్కడే ఉంది. తాళంచెవుల్లో ఒకటి తగ్గినట్టు అనిపించింది గానీ, ముందు ఎన్ని ఉన్నాయో నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు.