మడత గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మడత గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా స్నేహితుడైన మావాడూ క్షేమం. మేమిద్దరం కలిసి ఏడేళ్ళుగా తయారు చేస్తున్న వీడియో గేమ్ మాత్రం క్షేమంగా లేదు. దానికి కారకులు మీరేనని మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. మాకు ఏకాభిప్రాయం కుదిరిన సంగతి ఇదొక్కటే కాబట్టి, మనసు మారేలోగా కాగితం మీద పెట్టేస్తున్నాను.

మీరు మాకు కొత్తవారేమీ కారు. నోటు పుస్తకం నడిమి పేజీ చింపి పడవ, కత్తిపడవ, సిరాబుడ్డి చేసిన రోజుల నుంచీ పరిచయమే. అమ్మ చీర కుచ్చిళ్ళలో మీరే, ఆత్రేయపురం పూతరేకులో మీరే, తాపేశ్వరం కాజాలో మీరే. జపాన్ వాళ్ళు కాగితాన్ని మడిచి కొంగను చేసి లోకమంతటి చేతా చప్పట్లు కొట్టించుకున్నారు. మనవాళ్ళు తమలపాకును మడిచి చిలకను చేసి, దానికో లవంగం గుచ్చి, నమిలి గోడ మీద ఉమ్మేశారు. వాళ్ళ పక్షికి పేరొచ్చింది, మన పక్షికి మరక మిగిలింది.

పైగా మన భాష మీ గురించి ముందే హెచ్చరించింది. అన్నమాట తప్పినవాడు నాలుక మడతేశాడంటాం. ఎంతకీ తేలని తగువును మడతపేచీ అంటాం. పెద్దలు ఇంత స్పష్టంగా చెప్పినా వినకుండా మీతో పొత్తు పెట్టుకున్నాం చూశారా, తప్పు మాదే.

2018 వానాకాలం. ట్యాంక్‌బండ్ మీద పల్లీలు తినడం అయిపోయాక మావాడు పొట్లం విప్పాడు. ఎవరో పిల్లవాడి లెక్కల జవాబు పత్రం. ఒక మూల ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా, దానికి ఎదురు మూల ఒక చీమ. మావాడు ఆ రెండు మూలలనూ మెల్లగా దగ్గరకు తెచ్చి కలిపాడు. చీమ ఒక్క అడుగు వేసి సున్నాలోకి దిగింది.

"చూశావురా, కాగితమంతా నడవాల్సిన చీమ! లోకాన్ని మడిస్తే దూరం ఉండదు. ఇదే మన గేమ్" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. నేనొక ప్రైవేటు కంపెనీలో జమాఖర్చులు రాసేవాణ్ణి. మావాడు ఉద్యోగుల జీతాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. గేమ్ తయారు చేయడం ఇద్దరికీ రాదు. గొప్ప ఆలోచన రావడానికి అదేమీ అడ్డం కాదని ఆ సాయంత్రం తెలిసింది.

ఆదివారాలు ఇరానీ హోటల్లో కూర్చోవడం మొదలుపెట్టాం. ఒరిగామికి, అంటే జపాన్ వాళ్ళ కాగితపు మడతల కళకు, మామూలుగా చదరపు కాగితం కావాలి, మా దగ్గరున్నది ఏ4. దాని వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. చదరం కత్తిరిస్తే 87 మిల్లీమీటర్ల పట్టీ మిగులుతుంది. చదరాలు మడవడానికి, పట్టీలు చాయ్ లెక్కలు రాసుకోవడానికి అని విభజన చేసుకున్నాం. ఇప్పుడు అట్టపెట్టె తీసి చూస్తే చదరాలన్నీ కొంగలు, పట్టీలన్నీ బాకీలు. గేమ్ రెండింటిలోనూ లేదు.

తొలి ఏడాది మేమేమీ ఖాళీగా లేము, గమనించగలరు. గేమ్‌కు పేరు పెట్టాం, మార్చాం, మళ్ళీ పాతదే పెట్టాం. ప్రతినాయకుడు కత్తెర అని తీర్మానించాం. రెండో భాగంలో కత్తెర కొడుకు పగ తీర్చుకోవాలని కూడా నిర్ణయించాం. మొదటి భాగంలో మొదటి మడత ఇంకా పడలేదన్నది చిన్న విషయం.

అది పడ్డ రోజున మీ అసలు స్వరూపం బయటపడింది. బల్ల మీద కాగితానికి మందం ఉంటుంది. తెర మీద కాగితానికి ఉండదు. మడిచిన సగం వెళ్ళి రెండో సగం మీద పడగానే, రెండు పొరలూ ఒకే ఎత్తులో ఉండేసరికి ఏది పైదో ఏది కిందిదో కంప్యూటరుకు తెలియలేదు. ఇక్కడ ఇది, అక్కడ అది చూపిస్తూ, స్టార్టరు పోయిన ట్యూబ్‌లైటులా టపటప కొట్టుకుంది. "మాయా కాగితం, కావాలనే అలా చేశాను" అన్నాడు మావాడు. తరువాత దారికొచ్చి ఒక్కో పొరను వెంట్రుకవాసి పైకి లేపాడు. సరే అనుకున్నాం. కానీ సగానికి సగం మడుస్తూ పోతే రెండు పొరలు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి, ఏడో మడతకు 128. ఏ పొర ఎక్కడుందో, ఎవరి వీపు మీద ఎవరున్నారో అన్నీ రాసి పెట్టుకోవాలి. జమాఖర్చుల్లో పుట్టి పెరిగిన నేనే చేతులెత్తేశాను. మూడో వారానికి చీమ కనిపించకుండా పోయింది. నాలుగో మడతలో ఎక్కడో ఇరుక్కుపోయింది.

దాన్ని వెతకడం మాని మావాడు పరిశోధనలో పడ్డాడు. కొండ మడత, లోయ మడత అని మీలో రెండు తెగలున్నాయని, చదునుగా మడతపడే కాగితం లోపల గీతలు కలిసే ఏ బిందువు దగ్గర చూసినా ఆ రెండింటి సంఖ్యల మధ్య తేడా సరిగ్గా రెండేనని, దీన్ని మయెకావా సిద్ధాంతం అంటారని వచ్చి చెప్పాడు. నమ్మక ఒక కొంగను విప్పి చాయ్ చల్లారేదాకా గీతలు లెక్కపెట్టాను. తేడా రెండే. ఒప్పుకోక తప్పింది కాదు.

ఆ తరువాతి ఆదివారం ఇంకా పెద్ద వార్త తెచ్చాడు. కాగితం నిండా గీసిన మడత గీతలు చూసి, అది చదునుగా మడతపడుతుందో లేదో తేల్చడం కంప్యూటర్లకు కొరుకుడుపడని లెక్కల జాతిలోదని 1996లోనే మార్షల్ బెర్న్, బ్యారీ హేయిస్ అనే ఇద్దరు నిరూపించారట. ఆ పూట మావాడి ముఖంలో కనిపించిన వెలుగు వాడి పెళ్ళినాడు కూడా చూడలేదు. చేతకాకపోవడం వేరు, గణితం సాక్షిగా చేతకాకపోవడం వేరు. "ఎన్ని గీతలైనా తేల్చాలంటే గదా ఆ కష్టం, మనకు కావలసినవి నాలుగు మడతలే గదా" అన్నాను. లెక్కలు రాసేవాళ్ళకు దూరదృష్టి ఉండదన్నాడు.

ఈ మధ్యలో 2020 జులై వచ్చింది. లాక్‌డౌన్ రోజులు. అర్ధరాత్రి ఫోను. "ఒరేయ్, కొంప మునిగింది. 'పేపర్ మారియో: ది ఒరిగామి కింగ్' అని గేమ్ వచ్చింది. మన ఒరిగామిని జపాన్ వాళ్ళు కొట్టేశారు!" ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ సగంలో ఆగి ఫోను పెట్టేశాడు.

ఇక అసలు మడతపేచీ: అన్‌డూ బటన్. పొరపాటున మడిస్తే వెనక్కి తీసుకునే వీలు ఉండాలా, వద్దా? వద్దన్నాను. కాగితంలో మడిచిన చోట పీచు దెబ్బతింటుంది. మిమ్మల్ని విప్పగలం గానీ మీ గీతను చెరపలేం. కాబట్టి మా గేమ్‌లోనూ విప్పిన గీత మిగలాలి, ఒకేచోట మూడుసార్లు మడిస్తే చిరగాలి, చీమ ఆ చిరుగులోంచి కింద పడాలి. నా జీవితంలో నాకు వచ్చిన మంచి ఆలోచన ఇదొక్కటేనని ఇప్పటికీ నా నమ్మకం.

మావాడు ఒప్పుకోలేదు. "ఆడేవాడు ఫోను విసిరి కొడతాడు. మీ ఆవిడ కుచ్చిళ్ళు కుదరకపోతే ఎన్నిసార్లు విప్పి పెట్టుకుంటుంది? చీర చిరిగిందా?"

"చీర వేరు, కాగితం వేరు. కాగితానికి జ్ఞాపకం ఉంటుంది."

"నీకూ ఉంది, అదే వచ్చిన చిక్కు. 2019 నాటి బిర్యానీ బాకీ పట్టీ నిన్న కూడా చూపించావు."

అక్కడితో మాటలు లేవు. మూడు నెలలు. బాకీ మొత్తం 180 రూపాయలని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను. సర్దుబాటుగా మావాడే ఒక కూర్పు చేసి పంపాడు: ఒకే మడత, అన్‌డూ ఉంది, గీత కూడా మిగులుతుంది. మూడో తరగతి చదివే వాడి కూతురు ఆడి చూసి, "అంకుల్, చీమ ఏది?" అని అడిగింది.

2024 మేలో 'పేపర్ ట్రెయిల్' అనే గేమ్ విడుదలైంది. ఇంగ్లండులో ఇద్దరు అన్నదమ్ములు పెట్టుకున్న చిన్న సంస్థ చేసింది. లోకమంతా ఒక కాగితం. అంచు పట్టి మడిస్తే వెనక వైపు బొమ్మ ముందుకొచ్చి దారి కలుస్తుంది. మా చీమకు బదులు చదువు కోసం ఇల్లు విడిచి వెళ్ళే ఒక అమ్మాయి ఉంటుంది. ఈసారి మావాడు కొట్టేశారనలేదు, ఫోనూ చేయలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. శని, ఆదివారాలు పక్కపక్కన కూర్చుని ఆడాం. బాగుంది. బాగుండకపోతే ఎంత బాగుండేదో!

ఆ ఆదివారం రాత్రి, మన దుకాణం కట్టేయాలా వద్దా అనుకుంటూ పాత ఒప్పందం బయటికి తీశాం. 2018లో రాసుకున్నది, అదే 87 మిల్లీమీటర్ల పట్టీ మీద. లాభాల్లో ఒకరికి 60 శాతం, ఒకరికి 40. ఎవరికెంతో స్పష్టంగా పేర్లతో రాసి, నిలువునా అడ్డంగా నాలుగు మడతలు పెట్టి మావాడి పర్సులో భద్రపరిచాం. విప్పాం. రెండు గీతలూ కలిసే చోట చిల్లు పడింది. 60 ఉంది, 40 ఉంది. పేర్లున్న చోట చిల్లుంది. అందులోంచి మావాడి వేలు కనిపిస్తోంది.

ఆలోచన వాడిదే కాబట్టి 60 తనదంటాడు. పట్టీలన్నీ దాచింది నేను కాబట్టి నాదంటాను. లాభం ఇంతవరకూ సున్నా, అది వేరే సంగతి. ఆ పేర్లు మింగింది మీరు గనుక 60 ఎవరిదో మీరే తెలియజేయగలరు. జవాబు ఇన్‌లాండ్ లెటరు మీద మాత్రం రాయకండి. పోస్టుకార్డు మీదే రాయండి, దాన్ని మడవనక్కర్లేదు.

ఇట్లు,
87 మిల్లీమీటర్ల పట్టీలో వాటాదారు

తా.క.: చీమ కనిపిస్తే అదే కార్డు మీద ఎక్కించి పంపగలరు.