ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదా?

తిరుపతిలో కీర్తనలు పాడే ఒకావిడ ఈ మధ్య నన్నడిగారు: "మ్యూజిక్ ప్రొడ్యూసర్ దొరికాడన్నారు కదా సార్, మరి డబ్బులు నన్ను అడుగుతాడేంటి?" నవ్వొచ్చింది గానీ, ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మనకు ప్రొడ్యూసరంటే నిర్మాత. డబ్బు పెట్టేవాడు, పోతే తల పట్టుకునేవాడు. పాటల దగ్గరికొచ్చేసరికి ఆ మాట తలకిందులైంది. మనం పాడిన వరస విని, దానికి లయ కట్టి, ఫ్లూటు ఎక్కడ రావాలో వీణ ఎక్కడ ఆగాలో తేల్చి పాటకో రూపం ఇచ్చేవాణ్ని ఇప్పుడు మ్యూజిక్ ప్రొడ్యూసర్ అంటున్నారు. ఒకప్పుడు అరేంజర్ అనీ, కీబోర్డు ప్రోగ్రామర్ అనీ అనేవాళ్లు. రికార్డు చేసినవన్నీ సర్ది, ఏ శబ్దం ముందుండాలి ఏది వెనకుండాలి అని తూకం వేసేవాడు మిక్సింగ్ ఇంజినీర్. మన ఊళ్లలో ఈ రెండు పనులూ చాలాసార్లు ఒక్క కుర్రాడే చేస్తాడు. మేడ మీద గది, గోడలకు బొంతలు, రికార్డింగ్ అప్పుడు ఆపేసే ఫ్యాను. అదే స్టూడియో.

తమాషా ఏమిటంటే, చట్టం ఆవిడ చెప్పినట్టే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు ప్రొడ్యూసర్ అంటే, దాన్ని తయారు చేయడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి. అంటే కుర్రాడికి అడ్వాన్సు ఇచ్చి పాట చేయించుకున్న ఆవిడే ప్రొడ్యూసర్. కుర్రాడి విజిటింగ్ కార్డు మీద ఏమున్నా సరే.

ఈ తికమక పేరు దగ్గర ఆగితే నవ్వుకుని వదిలేయొచ్చు. ఆగడం లేదు. గాయకులకూ ఈ ఫ్రీలాన్స్ కుర్రాళ్లకూ మధ్య తగాదాలు ఈ నాలుగైదేళ్లలో చాలా చూశాను, ఒకటి రెండు నేనే పెట్టుకున్నాను. పైకి అన్నీ డబ్బు తగాదాల్లాగే ఉంటాయి. నాకు మాత్రం వాటిలో ఎక్కువ భాగం డబ్బు గురించి కాదనిపిస్తుంది. ఏ విషయంలో చివరి మాట ఎవరిదో ముందుగా అనుకోకపోవడం వల్ల వచ్చినవే అన్నీ.

క్యాసెట్ల రోజుల్లో ఈ బాధ లేదు. తెల్లవారుజామున రైలెక్కితే మద్రాసు 150 కిలోమీటర్ల లోపే. స్టూడియోను కాల్‌షీట్ లెక్కన, అంటే ఇన్ని గంటలకని తీసుకునేవాళ్లు. పాడేవాళ్లు, వాద్యగాళ్లు, రికార్డిస్టు, డబ్బు పెట్టినాయన అందరూ ఒకే అద్దానికి అటూ ఇటూ ఉండేవాళ్లు. మృదంగం ఎక్కువైందంటే అక్కడే చెప్పాలి, అక్కడే తగ్గించాలి. సాయంత్రం కాల్‌షీట్ అయిపోతే పాటా అయిపోయినట్టే. అంటే తీర్పు చెప్పింది గోడ గడియారం. ఆ పాటలన్నీ బాగున్నాయని నేననను. కానీ పని ఎప్పుడు పూర్తయిందో అందరికీ తెలిసేది.

ఇప్పుడా గడియారం లేదు. ఫైలు వాట్సాప్‌లో వస్తుంది, రాత్రి పదకొండుకు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాం, పొద్దున్నే ఒక వాయిస్ మెసేజ్. నా మొదటి కీర్తనకు నేను పంపిన కరెక్షన్లు లెక్కపెట్టాను, 11. అందులో నావి నాలుగే. మిగతావి బెంగళూరులో ఉన్న మా అల్లుడివి, భజన మండలి మిత్రుడివి, చివరికి పక్కింటాయనవి. "గొంతు పెంచు సామీ" అని ఒకరు, "వెనక సంగీతం వినపడలేదు సామీ" అని ఇంకొకరు. ఆ రెండూ ఒకే పాటకు ఒకే రోజున పంపాను. గొంతు పెంచడమంటే మిగతావి తగ్గించడమేనని నాకు తట్టలేదు. ఏడో కరెక్షన్ దగ్గర ఆ అబ్బాయి జవాబులివ్వడం మానేశాడు. వేరే వాళ్ల పని పట్టుకున్నాడని, మోసం చేశాడని నలుగురి దగ్గర చెప్పుకున్నాను. నేను ఒప్పుకున్నది పాటకు 8 వేలు. ఆ డబ్బుకు అతను నాకు ఎన్నిసార్లు చేసిపెట్టాలి? ఇద్దరం అనుకోలేదు. అనుకోని చోట నేను నా ఇష్టం అనుకున్నాను, అతను తన ఓపిక అనుకున్నాడు.

అయితే అన్ని కరెక్షన్లూ ఒక జాతివి కావు. గొంతు కాస్త పెంచు, తబలా కాస్త తగ్గించు అన్నది తూకం. అందులో ఆ కుర్రాడి చెవి నా చెవికన్నా పదునైంది, అతని మాటే నెగ్గాలి. శ్రుతి, అంటే పాటకు ఆధారమైన షడ్జం (స) ఎక్కడ ఉండాలన్నది మాత్రం పాడేవాళ్లదే. మనవైపు మగవాళ్లు చాలామంది ఒకటి, ఒకటిన్నర చుట్టూ పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర చుట్టూ. కీబోర్డు మీద ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదున్నర అంటే జి షార్ప్. మనం ఐదున్నర అంటాం, అతను జి షార్ప్ అంటాడు. ఈ అనువాదం మొదటి రోజే జరగాలి. ట్రాక్ అంతా తయారయ్యాక "అర తగ్గించు నాయనా, పైషడ్జం (పై స) అందడం లేదు" అంటే, కంప్యూటర్‌లో వాయించిన వీణ దిగుతుందేమో గానీ, మనిషిని కూర్చోబెట్టి రికార్డు చేసిన ఫ్లూటు అంత శుభ్రంగా దిగదు. ఫ్లూటాయన్ని మళ్లీ పిలవాలి, ఆయనకు మళ్లీ డబ్బివ్వాలి.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడడం. నా రెండో పాట తోడి రాగంలో, చేసింది ఆ అబ్బాయే. తోడిలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, కింద రిషభానికీ పైన మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపే తోడి. రఫ్ మిక్స్, అంటే తొలి మిక్స్ వచ్చింది. విన్నాను. నా గొంతే, నా మాటలే, కానీ రాగం లేదు. గాంధారం గోడకు మేకు కొట్టినట్టు ఒక్క చోట నిలబడిపోయింది. ఆటోట్యూన్ వేశాడు. 1997లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని సులువైనదే. పాడిన స్వరం 12 స్థానాల్లో దేనికి దగ్గరగా ఉందో చూసి అక్కడికి లాగుతుంది. ఆ లాగే వేగం పెంచితే ఊపును కూడా తప్పు కిందే లెక్కేస్తుంది. అంటే తోడి మొత్తాన్నీ తప్పు కిందే లెక్కేసింది.

కుర్రాడి మీద కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత ఆలోచిస్తే అతను చేసింది నిర్లక్ష్యం కాదు. సినిమా పాటకు ఏం చేస్తాడో అదే చేశాడు. ఈ ఊళ్లో పాడేవాళ్లలో చాలామంది టీటీడీ సంగీత నృత్య కళాశాల వైపు నుంచో, ఇంటి గురువుల దగ్గర నుంచో వస్తారు. మిక్సింగ్ చేసే కుర్రాళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల నుంచి, యూట్యూబ్ పాఠాల నుంచి వస్తారు. ఒకరికి తప్పుగా వినిపించింది ఇంకొకరికి ప్రాణం. ఎవరూ ఎవరినీ తక్కువ చేయనక్కర్లేదు, కానీ ఈ తేడా ఉందని పాట మొదలుపెట్టే ముందే ఒప్పుకోవాలి. స్వరాన్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చేత్తో సరిచేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, నిజంగా జారిన చోట అవి పనికొస్తాయి. ఎక్కడ జారింది, ఎక్కడ ఊగింది అన్నది చెప్పాల్సింది మాత్రం పాడినవాళ్లు. వాళ్లు పక్కన కూర్చుని చెప్పాలి, లేకపోతే ఏ నిమిషం ఏ సెకనో రాసి పంపాలి. "ఏదో తేడాగా ఉంది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకో సంగతి కూడా నామోషీ లేకుండా ఒప్పుకుంటాను. ఇంట్లో ఫోనులో పాడి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపి, దాన్ని పాటలో పెట్టమని అడిగేవాళ్లున్నారు. నేనూ అడిగాను. వాట్సాప్ ఆ శబ్దాన్ని నలిపి చిన్నది చేసి పంపుతుంది, నలిగినది మళ్లీ విప్పుకోదు. మిక్సింగ్‌కు కావాల్సింది 24 బిట్ వేవ్ ఫైలు, అంటే నలపని రికార్డింగ్. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క ట్రాకు, అంటే ఒక గొంతు లేదా ఒక వాద్యం విడి రికార్డు, నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఐదు నిమిషాల కీర్తనకు 30 ట్రాకులుంటే 1.3 జీబీ దగ్గరికొస్తుంది. అందుకే డ్రైవ్ లింకు అడుగుతారు, గొప్ప కోసం కాదు.

సౌండ్ గొడవ వేరు. "పక్కోడి పాట ఎత్తుగా ఉంది, మనది నీరసంగా ఉంది" అని ప్రతి గాయకుడూ అంటాడు. ఇక్కడ చివరి మాట గాయకుడిదీ కాదు, ఇంజినీర్‌దీ కాదు. యూట్యూబ్, స్పాటిఫై రెండూ మామూలుగా పాటల సౌండుకు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలతను గీతగా పెట్టుకుంటాయి. అంతకన్నా ఎత్తుగా రావాలని శబ్దాన్ని గట్టిగా నొక్కి పంపితే అవే తగ్గిస్తాయి. నొక్కడంలో పోయిన మృదంగం దెబ్బ మాత్రం తిరిగి రాదు. ఈ ముక్క చెప్పిన ఇంజినీర్‌ని "పని రానోడు" అనుకుని, గట్టిగా నొక్కిన ఇంకో కుర్రాడి దగ్గరికి వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

అయినా మన భక్తి పాట వినిపించేది హెడ్‌ఫోన్లలో కాదు కదా. గంగ జాతరప్పుడో, వీధిలో వినాయకుడి పందిట్లోనో, గుడి గోపురానికి కట్టిన హారన్ మైకులో మోగుతుంది. ఆ హారన్‌లో లోతైన శబ్దాలు దాదాపు రావు. మృదంగంలో ఎడమ వైపు తొప్పి మాయమై, కుడి చేతి టక్కుటక్కులు మిగులుతాయి. పైగా అది మోనో. కుడి ఎడమలకు విశాలంగా పరిచే కొన్ని ఎఫెక్టులు, రెండూ ఒకటిగా కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హెడ్‌ఫోన్లో స్వర్గంలా ఉన్న కోరస్ హారన్‌లో గాలికి పోతుంది. పుస్తకంలో ఏముందో గానీ, తిరుపతిలో మిక్సింగ్ చేసేవాడు ఫైనల్ ఇచ్చే ముందు పాటను మోనోలో, చిన్న ఫోను స్పీకర్లో ఒకసారి వినాలి. మనం కూడా ఎక్కడ మోగించడానికి చేయిస్తున్నామో అతనికి చెప్పాలి. నేను చెప్పలేదు. జాతరలో నా పాట మోగినప్పుడు, నేను మూడు కరెక్షన్లు పెట్టి పెంచించిన వయొలిన్ ఎక్కడా వినపడలేదు.

అన్నమయ్య కీర్తన చేసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది కూడా చెప్పాలి. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503, ఆయన మాటల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. మనం ఇవాళ పాడుతున్న వరసలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటి వాళ్లు కూర్చుని కట్టారు. వరసకు హక్కు కట్టినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. రాళ్లపల్లి వారు 1979లో పోయారు, ఆ లెక్కన 2039 చివరిదాకా. బాలకృష్ణ ప్రసాద్ గారు పోయింది 2025లోనే. ఉద్యోగంలో భాగంగా కట్టిన వరసైతే హక్కు సంస్థకు వెళ్లొచ్చు, అది వేరే లెక్క. "ఐదొందల ఏళ్ల పాట కదా" అనుకుని అప్‌లోడ్ చేసి, కాపీరైట్ క్లెయిమ్ వచ్చాక మిక్సింగ్ కుర్రాడి మీద అరవడం న్యాయం కాదు. అతను కట్టింది మధ్యలో వచ్చే వాద్యాల బిట్లు మాత్రమే. ఆ బిట్ల కోసం రెడీమేడ్ లూపులు, అంటే ఎవరో ముందే వాయించి పెట్టిన ముక్కలు వాడితే అదో తలనొప్పి. అదే లూపు ఇంకొకరి పాటలో ముందే ఉంటే యూట్యూబ్ యంత్రం మన పాటను వాళ్లదిగా పట్టుకుంటుంది. ఏ లూపు ఎక్కడిదో అడిగి తెలుసుకోవడం మన పని, చెప్పడం అతని పని.

ఇవన్నీ ఒక కాగితం మీద పడితే బాగుంటుందంటే ఇక్కడ మొహమాటం. "మనలో మనకు కాగితాలేంటి సార్" అంటారు. మన మొహమాటాన్ని చట్టం లెక్కచేయదు. హక్కులు బదిలీ చేయాలంటే రాసి సంతకం పెట్టాల్సిందే. కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా అనీ అనుకుంటుంది. బిట్లు కట్టిన కుర్రాడితో నోటిమాట మీద "అంతా నాదే" అనుకున్నవాళ్లకు ఇది తెలిస్తే గుండె జారుతుంది. ఆ అబ్బాయికీ నష్టమే. సగం అడ్వాన్సు తీసుకున్నా, మిగతా సగం "ఫైనల్ నచ్చాక" అంటే, నచ్చడానికి గడువేది? నచ్చిందో లేదో చెప్పకుండా మూడు నెలలు కూర్చున్న గాయకులున్నారు. గొంతు లేని ట్రాకు ఇవ్వాలా వద్దా అన్నది మరో కిరికిరి. బ్రహ్మోత్సవాల్లో స్టేజీ మీద పాడుకోవడానికి ఆ కరోకే కావాలి, అది చివర్లో గుర్తొస్తుంది. అతను విడిగా డబ్బడిగితే దోపిడీ అంటాం. మొదట అడిగి ఉంటే అదే ధరలో వచ్చేది.

నా మొదటి రెండు పాటలూ చేసిన ఆ అబ్బాయితో తర్వాత ఏడాదిన్నర మాటల్లేవు. పోయిన ఏడు ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రా కీబోర్డు దగ్గర కనిపించాడు. "సార్, తోడి సంగతి తర్వాత ఒక మాస్టారిని అడిగి తెలుసుకున్నాను" అన్నాడు. నేను 11 కరెక్షన్ల సంగతి ఎత్తాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగో పాట మళ్లీ అతనే చేశాడు, రెండు కరెక్షన్లతో అయిపోయింది.

ఈ నెల ఐదోది మొదలుపెడుతున్నాం. కాగితం ఈసారి అతనే రాసి పంపాడు, ఒక పేజీ, తెలుగులోనే. శ్రుతి ఒకటి. గొంతు వేవ్ ఫైలుగా ఇవ్వాలి. కరెక్షన్లు మూడు, అన్నీ ఒకే మెసేజ్‌లో, నా ఒక్కడి నుంచే రావాలి. నాలుగో దాని నుంచి ఒక్కోదానికి 500. రఫ్ మిక్స్ పంపిన పది రోజుల్లో నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. కరోకే ధరలోనే. తూకం అతనిది. నేను చదివి సంతకం పెట్టాను. పెట్టి, కింద ఖాళీ ఉంటే ఇంకో వాక్యం నా చేత్తో రాశాను: "గమకం మీద చెయ్యి వేసే ముందు ఫోను చేయవలెను." దాని పక్కన అతనూ పొట్టి సంతకం పెట్టి, "రాత్రి తొమ్మిది లోపల అయితేనే" అని రాసి ఫొటో పంపాడు.