రేకుల ఇంటికి తెల్లపూత ఎప్పుడు?

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 2,000 మందికి పైగా బలయ్యారని అప్పటి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. స్వాగతించవలసిన నిర్ణయమే. కానీ ఇంట్లో ఉక్కపోతకు నిద్రలోనే కన్నుమూసిన వృద్ధుడి మరణం సాధారణంగా గుండెపోటు ఖాతాలోనే పడుతుంది గనుక, ఆ సాయం అందరికీ అందుతుందన్న భరోసా లేదు.

ఏటా అధికారులు వినిపించే హెచ్చరిక ఒక్కటే: మధ్యాహ్నం వేళ ఇంటి పట్టున ఉండండి. ఆ ఇల్లు ఎలాంటిదో మాత్రం అడగరు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో సిమెంటు రేకుల కింద కూర్చుని బీడీలు చుట్టే మహిళలు, గాలికి తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను కూడా వేసుకోరు. వారికి ఎండ తగిలేది ఇంట్లోనే.

పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేస్తే లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుందని తెలిసే, తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 2028 నాటికి హైదరాబాద్‌లో 200, మిగిలిన రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. అయితే నివాస గృహాల్లో 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికే దీన్ని తప్పనిసరి చేసి, చిన్న ఇళ్లను యజమానుల ఇష్టానికి వదిలేశారు. 600 గజాల యజమాని ఎలాగూ ఏసీ పెట్టించుకుంటాడు, అది వెళ్లగక్కే వేడిని భరించేది పక్క సందులోని వారే. రేకుల ఇంట్లో అద్దెకుండే కూలీకి ఇంటి మీద హక్కు లేదు, అందులో ఉండని యజమానికి ఆ వేడితో పని లేదు. పూత ఖర్చు పెట్టేదెవరు? స్థానిక సంస్థే పెట్టాలని మా అభిప్రాయం. 2010 వేసవిలో భారీ ప్రాణనష్టం చూసిన అహ్మదాబాద్, 2013లో దేశంలోనే తొలి వేడిమి కార్యాచరణ ప్రణాళికను అమలులోకి తెచ్చి, 2017లో పేదల ఇళ్ల పైకప్పులకు సున్నపు పూత వేయించింది.

చలివేంద్రాలు పెట్టడం మన ఊళ్లకు కొత్త కాదు. వాటి పక్కన మరుగుదొడ్డి లేకపోవడమూ కొత్త కాదు. అందుకే రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునే మహిళలు దాహమేసినా నీళ్లు తగ్గించుకుంటారు. వేసవి సెలవుల్లో తాళాలు వేసి ఉండే మున్సిపల్ పాఠశాలల్లో గదులు, ఫ్యాన్లు, కుళాయిలు, మరుగుదొడ్లు అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. ఒక కాపలాదారును పెట్టి, వాటిని ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు వరకు తెరిచి ఉంచడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు, కమిషనర్ ఉత్తర్వు చాలు. తెల్లపూతకు మాత్రం నిధులు కావాలి. మే నెలలో టెండర్లు పిలిస్తే పూత ఆరేసరికి వానలు పడతాయి కాబట్టి, రేకుల ఇళ్ల జాబితాను వార్డుల వారీగా చలికాలంలోనే తయారుచేసి, పురపాలక బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు కింద డబ్బు కేటాయించాలి.