గుయ్‌మనే టీవీకి ఎర్త్ వైద్యం

పాత వాల్వు (గాజు గొట్టాల) టీవీలు బాగుచేసుకునే మిత్రుల గ్రూపుల్లో, స్పీకరులో గుయ్‌మనే మోతకు మందుగా "హమ్మింగ్ పోవడానికి ఆరు చిట్కాలు" అనే సందేశం మళ్లీ తిరుగుతోంది. పంపినవారందరూ సదుద్దేశంతోనే పంపారు కాబట్టి మొదటి రెండుసార్లు ఊరుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్ల కోసం ఎవరో రాసుకున్నదాన్ని, కరెంటు నేరుగా ఎక్కించుకుని నడిచే సెట్లకు అంటగట్టారని చదవగానే తెలిసిపోతుంది. అందులో ఒక చిట్కా మనిషి ప్రాణం తీయగలదు కనుక ఇక ఊరుకోవడం భావ్యం కాదు.

మోత 50 హెర్ట్జ్ అయితే వాల్వు, 100 హెర్ట్జ్ అయితే ఫిల్టర్ కండెన్సర్ (ఏసీని డీసీగా మార్చాక మిగిలే ఒడిదుడుకులను నునుపు చేసేది) పోయినట్టు అన్నది మొదటి చిట్కా. ఏసీ తరంగంలో రెండు సగాలనూ డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ ఉన్న సెట్టుకు ఇది చాలావరకు నిజమే. అయితే పీవై82 వాల్వుతోనో బీవై127 డయోడుతోనో ఒక సగాన్నే వాడుకుంటూ హాఫ్‌వేవ్‌గా నడిచే సెట్టులో ఫిల్టర్ ఎండిపోయినా 50 హెర్ట్జే, వాల్వులో హీటరుకూ (వేడిచేసే తీగకూ) కాథోడుకూ (ఎలక్ట్రాన్లు వెలువరించే భాగానికీ) మధ్య లీకేజీ ఉన్నా 50 హెర్ట్జే, బొమ్మను పైనుంచి కిందికి గీసే వర్టికల్ విభాగం పల్సులు ఆడియోలోకి దూరినా 50 హెర్ట్జే. ఇక్కడ అంకెను బట్టి దోషిని పట్టుకోవడం కుదరదు, నాబులు తిప్పి చూడాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉంటే తప్పు వాల్యూమ్ కంట్రోల్ దాటిన తర్వాత, అంటే స్పీకరును నడిపే పీసీఎల్82 వాల్వు పరిసరాల్లోనో దానికి హెచ్‌టీ (హై టెన్షన్ డీసీ) అందించే ఫిల్టర్‌లోనో ఉంటుంది. వర్టికల్ హోల్డ్ తిప్పి బొమ్మను జారనిచ్చినప్పుడు మోత శ్రుతి కూడా మారితే అది వర్టికల్ విభాగం నుంచే వస్తోంది. తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డప్పుడల్లా గర్రుమని, అవి పోగానే తగ్గిపోయేది అసలు కరెంటు హమ్మింగే కాదు. 5.5 మెగాహెర్ట్జ్ సౌండ్ ఐఎఫ్ (ధ్వని సంకేతాన్ని పెంచే దశ)లోకి వీడియో చొరబడడం వల్ల వచ్చే రొద అది. ఆ సంకేతం నుంచి ధ్వనిని వేరుచేసే రేషియో డిటెక్టర్ దగ్గరున్న చిన్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఎండిపోయిందా, అక్కడి కాయిల్ ట్యూనింగ్ తప్పిందా అని చూడకుండా సెట్టులోని ఫిల్టర్ కండెన్సర్లన్నీ మార్చినా అది పోదు. ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న సెట్టులో ముందుగా అనుమానించవలసింది ఫిల్టర్ కండెన్సర్లనే అన్నంతవరకు నాకూ పేచీ లేదు.

"ఎంత పెద్ద కండెన్సర్ వేస్తే అంత మంచిది" అనేది రెండోది. రెక్టిఫయర్ వాల్వు డేటా షీటులో దాని తర్వాత వచ్చే మొదటి ఫిల్టర్ కండెన్సర్‌కు గరిష్ఠ విలువ ఊరికే అచ్చువేయలేదు. దాన్ని దాటితే ప్రతి సైకిల్‌లోనూ వాల్వు మీద పడే కరెంటు దెబ్బ పెరుగుతుంది, హమ్మింగ్‌తో పాటు వాల్వు కూడా పోతుంది.

మూడో చిట్కా ప్రకారం వాల్వులను ఒక్కొక్కటిగా పీకుతూ, ఏది పీకితే మోత ఆగుతుందో చూడాలి. ఈ సెట్లలో హీటర్లన్నీ 300 మిల్లీ ఆంపియర్ల వరుసలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కనుక ఏ వాల్వు పీకినా కాసేపటికి మోత తప్పకుండా ఆగుతుంది, టీవీ కూడా ఆగుతుంది. ఈ పద్ధతిలో విచారణ జరిపితే నేరం చేయని వాల్వు ఒక్కటీ మిగలదు.

ఇక నాలుగోది. "ఛాసిస్ నుంచి ఒక తీగ తీసి ఎర్త్‌కు గానీ నీళ్ల పైపుకు గానీ కలపండి, హమ్మింగ్ మాయం." ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టులో కరెంటు రెండు తీగల్లో ఒకటి ఛాసిస్‌కే (భాగాలన్నీ బిగించిన ఇనుప రేకుకే) కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పి పెట్టారన్నదాన్ని బట్టి ఆ ఇనుప రేకు న్యూట్రల్ కావచ్చు, 230 వోల్టుల ఫేజ్ కావచ్చు. ఫేజ్ అయితే మీరు కలిపిన తీగ ఫేజ్‌ను నేరుగా ఎర్త్‌కు షార్ట్ చేస్తుంది. ఫ్యూజు వెంటనే పోతే అదృష్టం. నీళ్ల పైపు భూమికి సరిగా అంటకుండా మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ ముక్కతో అతికి ఉంటే ఫ్యూజు పోదు, పక్క వాటాలో కుళాయి తిప్పినవారికి షాక్ కొడుతుంది. న్యూట్రల్ అయితే ఈరోజుకు ఏమీ జరగదు, మహా అయితే ఈఎల్‌సీబీ (లీకేజీ కనిపిస్తే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. ఏమీ జరగలేదని చూసి "పనిచేసింది" అని మరో పది మందికి ఫార్వర్డు చేసేలోగా ఇంట్లో ఎవరో ఇస్త్రీపెట్టె కోసం ప్లగ్గు పీకి, తిప్పి పెడతారు.

ఆ సెట్లు తయారుచేసినవారికి ఈ ప్రమాదం బాగా తెలుసు. అందుకే నాబుల్లోని బిగింపు మర తల వేలికి తగలకుండా ఆ రంధ్రాన్ని మైనంతో పూడ్చేవారు, యాంటెన్నా సాకెట్టును చిన్న కండెన్సర్ల ద్వారా మాత్రమే ఛాసిస్‌కు కలిపేవారు. మనం మాత్రం సెట్‌టాప్ బాక్స్ ఏవీ (ఆడియో-వీడియో) కేబుల్ షీల్డును (పై లోహపు అల్లికను) నేరుగా ఛాసిస్‌కు టంకం వేసి, ఆ తర్వాత మోత ఎందుకొస్తోందని గ్రూపులో అడుగుతాం. స్విచ్ ఆపాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. స్విచ్చు ఒక్క తీగనే, అదీ ఛాసిస్ వైపు తీగనే, తెంపే రకమైతే ఆపిన తర్వాత హీటర్ల వరుస గుండా ఫేజ్ ఛాసిస్ మీదికి వస్తుంది. "నేను వేరియాక్ మీద పెట్టాను" అనేవారికి ఒక మనవి: వేరియాక్ వోల్టేజీని తగ్గిస్తుంది తప్ప లైను నుంచి వేరుచేయదు. కావలసింది ఒకటికి ఒకటి నిష్పత్తిలో చుట్టిన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. అది లేకుండా వెనుక అట్ట విప్పకండి.

స్పీకరు తీగలకు అల్యూమినియం రేకు చుట్టమనే ఐదో చిట్కా విషయానికొస్తే, ఆ రేకును పులిహోర పొట్లానికి దాచుకోండి.

ఆరోది "ప్లగ్గు తిప్పి పెట్టి చూడండి". అన్నిటికంటే మూఢనమ్మకంలా వినిపించే ఈ చిట్కా నిజానికి సరైనదే. ఛాసిస్ ఫేజ్ వైపు ఉన్నప్పుడు బయటి పరికరానికి కలిపిన కేబుల్ గుండా లీకేజీ కరెంటు పారి హమ్మింగ్ పెరుగుతుంది. తిప్పితే అది తగ్గడమే కాక ఛాసిస్ కూడా న్యూట్రల్ వైపు వస్తుంది. తిప్పిన తర్వాత, స్విచ్ వేసినప్పుడొకసారి, ఆపినప్పుడొకసారి, ఛాసిస్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏసీ వోల్టేజీని మీటరుతో కొలిచి, సరైన దిశ తెలిసేలా ప్లగ్గుకూ సాకెట్టుకూ ఒకే వైపు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి.