సవరణ: పందెం పావురాల టీకా వేరు, బర్డ్ ఫ్లూ ఆంక్షలు వేరు

బ్రిటన్‌లో పావురాల పందేల గురించి రాసిన కిందటి పోస్టులో "టీకా వేయిస్తే చాలు, బర్డ్ ఫ్లూ సీజన్‌లోనూ పందేనికి పంపొచ్చు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. అందులో రెండు జబ్బులు కలిసిపోయాయి.

అక్కడి చట్టం తప్పనిసరి చేసిన టీకా పారామిక్సోవైరస్ అనే వేరే వైరస్ జబ్బుకి. మెడ వెనుక చర్మం కింద వేస్తారు. ఈ జబ్బు వచ్చిన పావురానికి మెడ మెలితిరిగిపోతుంది. గింజను పొడవబోయి పక్కన నేలను పొడుస్తుంది, రెట్ట నీళ్లలా పడుతుంది. ఒకసారి చూస్తే ఇంకెవరూ టీకాకి బద్ధకించరు. టీకా లేని పక్షిని పందేనికి గానీ ప్రదర్శనకు గానీ పంపకూడదు.

బర్డ్ ఫ్లూకి ఈ టీకా పనిచేయదు. కోళ్లు, బాతులకు సోకినంత తేలిగ్గా అది పావురాలకు సోకదు. అందుకే కోళ్ల ప్రదర్శనలు ఆపినప్పుడు కూడా పావురాలకు షరతులతో అనుమతిచ్చిన సందర్భాలున్నాయి. కానీ జబ్బు బయటపడ్డ ఫారం చుట్టూ 3 కి.మీ. రక్షణ వలయం, 10 కి.మీ. నిఘా వలయం గీస్తారు. మీ గూళ్లు ఆ వలయంలో పడితే ఆంక్షలు వర్తిస్తాయి, టీకా కాగితం చూపించి లాభం లేదు. పక్షుల్ని బుట్టల్లోకి ఎక్కించే రోజు ఉదయమే ఈ వలయాలు చూపే ప్రభుత్వ మ్యాప్ మళ్లీ చూసుకోండి.