చీకటి పడ్డాక వచ్చేవాళ్లు

నవంబర్ మొదటి ఆదివారం న్యూయార్క్ మారథాన్. గడియారాలు గంట వెనక్కి తిప్పుకునేదీ ఆ రోజే కాబట్టి ఐదు దాటగానే చీకటి పడిపోతుంది. గెలిచినవాళ్లు మధ్యాహ్నానికే పతకాలు అందుకుని వెళ్లిపోయి ఉంటారు. నేను నాలుగింటి తర్వాత వెళ్లి, పరుగు చివరి మైళ్లలో వచ్చే ఫిఫ్త్ అవెన్యూలో నిలబడతాను. నేను చూడాలనుకునేవాళ్లు అప్పుడే వస్తారు.

మూడేళ్ల క్రితం మా వీధి చివర ఉండే అక్క కోసం మొదటిసారి వెళ్లాను. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ హెచ్చరిక. న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌లోని రూజ్‌వెల్ట్ పార్కులో నడకతో మొదలుపెట్టి రెండేళ్లకు మారథాన్ దాకా వచ్చింది. ఆ వేసవి అంతా శనివారాలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేది. పిల్లల్ని సంగీతం క్లాసుకు దింపే టైముకి ఆమె లాంగ్ రన్, అంటే వారానికోసారి చేసే దూరపు పరుగు, అయిపోయి ఉండాలి. పద్దెనిమిది మైళ్లు పరుగెత్తి వచ్చి, స్నానం చేసి, పప్పు పోపు పెట్టిన రోజులు నాకు తెలుసు.

ఆ తర్వాత ఒక ఫంక్షన్‌లో ఎవరో ఆమెను అడిగారు, "ఎన్నో ప్లేస్ వచ్చిందమ్మా?" అని. ఆమె నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. చిన్నప్పటి నుంచీ మనకు ర్యాంకు తప్ప మరో కొలత నేర్పలేదు.

మొదట వచ్చే మనిషికి దాదాపు రెండు గంటల పది నిమిషాలు పడుతుంది. మా అక్కకు ఆరు గంటలు దాటింది. దూరం ఇద్దరికీ అదే, 42.195 కిలోమీటర్లు. కానీ ఆమె దాదాపు మూడింతల సేపు కాళ్ల మీద ఉంది. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పరుగుకు శక్తినిచ్చే చక్కెర నిల్వ, చాలామందికి ఇరవయ్యో మైలు దగ్గర అడుగంటుతుంది. గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది కాబట్టి దాన్నే రన్నర్లు 'వాల్' అంటారు. న్యూయార్క్‌లో సరిగ్గా అక్కడే విల్లిస్ అవెన్యూ వంతెన ఎక్కి బ్రాంక్స్‌లోకి వెళ్లాలి. ఆ పైన ఫిఫ్త్ అవెన్యూలో తరగని ఎత్తు. తిరుమల మెట్లదారిలో మోకాళ్ల పర్వతం ఎక్కినవాళ్లకు ఆ పరిస్థితి చెప్పక్కర్లేదు.

అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లు "గోవిందా" అంటే ఎంత బలం వస్తుందో, ఇక్కడ చొక్కా మీద పేరు చదివి ఎవరో గట్టిగా పిలిస్తే అంత బలం వస్తుంది. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఒక పక్కకి ఒరిగిపోయి నడుస్తున్నాడు. పేరు పెట్టి పిలిచాను. తలెత్తి చూసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ పరుగు అందుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

1970లో ఈ పోటీ మొదటిసారి సెంట్రల్ పార్కులో జరిగినప్పుడు 127 మంది బయలుదేరితే 55 మందే చివరిదాకా వచ్చారు. ఇప్పుడు ఏటా 50 వేల మందికి పైగా పూర్తి చేస్తున్నారు. వాళ్లలో చాలామంది సోమవారం మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాళ్లే.

మన తెలుగు సంఘం ఉగాదికి డాక్టర్లను, వ్యాపారవేత్తలను సన్మానిస్తుంది. మంచిదే. ఈసారి మారథాన్ పూర్తి చేసిన మన ఊరివాళ్లందరినీ వేదిక మీదకి పిలవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. టైము చదవొద్దు, పేర్లు చదివితే చాలు.

అంతకంటే ముందు నవంబర్‌లో నాతో రండి. ఎడిసన్ నుంచి ట్రైన్ ఉంది. చలికోటు వేసుకోండి. నాలుగింటికి ఫిఫ్త్ అవెన్యూలో, సెంట్రల్ పార్కు మొదలయ్యే చోట ఉంటాను. గొంతు ఉంటే చాలు.