క్యాంపస్ తోట ఎండిపోయేది మే నెలలోనే

హైదరాబాద్ విశ్వవిద్యాలయాలకు నేల కరువు లేదు. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనైనా, ఉస్మానియాలోనైనా ఇరవై మడులకు చోటు వెతికితే దొరుకుతుంది. జూలైలో ఉత్సాహానికీ కొదవ ఉండదు. తీరా మే వచ్చేసరికి అక్కడ ఎండు కాడలు మిగులుతాయి. సేంద్రియ తోట పెట్టేవాళ్లు పేనుబంక పురుగు కంటే వేసవి సెలవులకే ఎక్కువ భయపడాలి.

లెక్క చూడండి. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న మడికి మే ఎండలో రోజుకు సుమారు 20 లీటర్లు పోయాలి. ఇరవై మడులకు 400 లీటర్లు, 45 రోజులకు 18,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు. హాస్టళ్లే ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో తోటకూరకు అన్ని నీళ్లు అడగడం న్యాయం కాదు.

అందుకే ఏప్రిల్ మూడో వారానికి తోట మూసేయడమే మంచిది. మొక్కల్ని పీకకుండా మొదలుకంటా కోసి, వేళ్లు నేలలోనే వదిలేయాలి. మడికి 10 కిలోల కంపోస్టు చల్లి, ఒక్కసారి తడిపి, పైన నాలుగంగుళాల మందాన ఎండుటాకు పరచాలి. కరివేపాకు, మునగ లాంటివి మాత్రం ఉంచుకోవచ్చు. జూన్‌లో తొలి వానలు పడ్డాక ఆకు పక్కకు లాగి పచ్చిరొట్ట ఎరువు కోసం మడికో గుప్పెడు జనుము విత్తనాలు చల్లాలి. 40–45 రోజులకు, పూత మొదలవుతుండగానే కోసి మట్టిలో కలిపేయాలి. ఆలస్యమైతే కాడ నారెక్కి త్వరగా కుళ్లదు. మరో రెండు వారాలాగి ఆకుకూరలు విత్తితే, కొత్త విద్యార్థులు కుదురుకునే వేళకు మడి సిద్ధంగా ఉంటుంది.

ఎక్కువగా తప్పు జరిగేది నేలకు పోసే పులియబెట్టిన ద్రావణం, జీవామృతం దగ్గర. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి: ఇది ఎకరానికి చెప్పిన కొలత. ఇరవై మడులు కలిపినా 800 చదరపు అడుగులే, ఎకరంలో యాభయ్యో వంతు కూడా కాదు. వాటికి నాలుగు లీటర్లు చాలు. డ్రమ్ము నింపితే మిగిలింది వారానికే కంపు కొట్టి, పక్క హాస్టల్ నుంచి ఫిర్యాదు వస్తుంది. పది లీటర్ల బకెట్‌లో నాలుగు లీటర్ల నీళ్లు పోసి, 200 గ్రాముల పేడ, 200 మిల్లీలీటర్ల గోమూత్రం, నలభయ్యేసి గ్రాముల బెల్లం, పిండి, చిటికెడు గట్టు మట్టి వేసి, నీడలో రెండు రోజులు పూటకోసారి కలిపితే సరి. కుళాయి నీళ్లయితే ముందురోజే పట్టి మూత తీసి ఉంచాలి, క్లోరిన్ పోతుంది.

మెస్ మిగులు అన్నం, సాంబారు కంపోస్టు గుంతలో పోయొద్దు. ఉప్పూ నూనే పక్కనపెట్టినా ఎలుకలు ఊరుకోవు. కూరగాయలు తరిగేచోటి తొక్కలు ఒక బకెట్‌కు ఎండుటాకు మూడు బకెట్లు. ఘాటు వాసన వస్తే ఆకు చాల్లేదని, ఎన్నాళ్లకూ వేడెక్కకపోతే తడి చాల్లేదని అర్థం. క్యాంపస్‌లో కుప్పపోసి తగలబెడుతున్న ఆకంతా నిజానికి ఈ గుంతకు చెందాల్సిందే.

మరి ఏడాది పొడవునా ఉండేదెవరు? మాలీలు, మెస్ అక్కలు, సెక్యూరిటీవాళ్లు. విద్యార్థి రెండేళ్లకో, ఐదేళ్లకో వెళ్లిపోతాడు. కాబట్టి ఇరవైలో ఎనిమిది మడులైనా వాళ్ల పేరున ఇవ్వాలి, పంటా వాళ్లదే. జీతం లేని అదనపు చాకిరీగా నెత్తిన పెడితే మాత్రం ఎవరూ చేయరు, చేయకూడదు కూడా.

దసరా సెలవులు చిన్నవి, వాటికి కుండలు చాలు. మడికి రెండు చొప్పున రంగు వేయని ఐదు లీటర్ల మట్టికుండల్ని మెడవరకు పాతి నింపితే నీరు మెల్లగా ఊరుతూ రెండుమూడు రోజులు వేళ్లను తడుపుతుంది. మూతి మీద మూకుడు బిగుతుగా పెట్టాలి. అది డెంగీ కాలం కూడా.